క్లిప్పు కింద మొహం

పోయిన వారం మీరు నన్ను మెట్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. చంకలో ఫోటో స్లైడ్ల డబ్బా, పైన మూడో అంతస్తులో మా సంపాదకురాలు ఒడీలా గారి పిలుపు, కింద వీధిలో స్కూలు యూనిఫారాలు వేసుకున్న ఆడపిల్లల గుంపు. "ఉలీ! వెళ్ళొద్దు ఉలీ!" అని వాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. పైకి వెళితే ఉద్యోగం ఊడుతుంది, కిందికి వెళితే జుట్టు ఊడుతుంది. అందుకని మధ్యలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు నెరీదా. 'సెంతేయా' అనే వారపత్రికకి ముఖచిత్రాలు తయారుచేసే పని నాది. మా పత్రిక చదివేది స్కూలు పిల్లలు. చదవడం అనేది మర్యాదకి వాడిన మాట. వాళ్ళు చూస్తారు, కత్తిరిస్తారు, గోడకి అంటిస్తారు, నోటు పుస్తకాలకి అట్టలేసుకుంటారు, ఎవరూ చూడకుండా ముద్దులు పెట్టుకుంటారు. ఇప్పుడు వాళ్ళ ప్రాణాలన్నీ 'బ్రూహులా' అనే నలుగురు కుర్రాళ్ళ పాటల బృందం మీద ఉన్నాయి. ఆ నలుగురిలో చిన్నవాడు, పిల్లలందరూ ఎక్కువగా ఏడ్చేది ఎవరి కోసమో వాడు, ఉలీసెస్. ముద్దుగా ఉలీ.

మొన్న మంగళవారం వచ్చిన ముఖచిత్రం మీద నలుగురినీ వేశాను. ఉలీ మొహాన్ని ఎడమవైపు పై మూలన పెట్టాను. చూసేవాళ్ళ కన్ను మొదట పడేది అక్కడే కదా అని నా తెలివి. నేను వేరాక్రూజ్ వైపు ఏటి ఒడ్డు ఊరిదాన్ని. మా ఊళ్ళో పత్రికలు మందుల షాపు బల్ల మీద దొంతరగా పడుంటాయి. ఈ మెక్సికో నగరంలో మాత్రం పేవ్‌మెంట్ మీది బడ్డీల్లో వాటిని తాడు మీద బట్టల్లా ఆరేస్తారు, చెక్క క్లిప్పులు పెట్టి. ఆ క్లిప్పు పడేది సరిగ్గా ఎడమవైపు పై మూలనే. ఈ ఊళ్ళో ముఖచిత్రాలు చేసే ప్రతివాళ్ళూ ఆ మూలని ఆకాశానికో, ఖాళీ గోడకో వదిలేస్తారట. నాకెవరూ చెప్పలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా చెబుతారా? అలాగే చెప్పలేదు. దాంతో ఊరంతా ఒకటే బొమ్మ: ముగ్గురు కుర్రాళ్ళు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు, నాలుగోవాడి కళ్ళ మీద నుంచి ముక్కు దాకా ఒక చెక్క క్లిప్పు.

మామూలు జనమైతే నవ్వి ఊరుకునేవాళ్ళు. మా పిల్లలు ఊరుకోరు. అంతకు ముందు ఈ బృందంలో రెనే అని ఒకడుండేవాడు. వాణ్ణి తీసేసే ముందు ముఖచిత్రాల మీద మొదట పక్కకి జరిపారు, తర్వాత వెనక వరుసలోకి పంపారు, ఆ తర్వాత మాయం చేశారు. అప్పటి నుంచి పిల్లలకి ముఖచిత్రం అంటే జాతకచక్రం. ఎవడు మధ్యలో ఉన్నాడు, ఎవడి భుజం మీద ఎవడి చెయ్యి ఉంది, ఎవడి తల మీద పత్రిక పేరు ఎక్కింది, అన్నీ చూస్తారు. క్లిప్పు చూసి ఉలీ పని అయిపోయిందని తీర్మానించేశారు. వారం తిరక్కుండానే అది మాటల్లోకి కూడా ఎక్కేసింది. స్నేహితులు వదిలేసిన పిల్లని "దానికి క్లిప్పు పడింది" అంటున్నారు. బదిలీ అయిన లెక్కల మాస్టారికీ క్లిప్పు పడిందట.

ఇదీ కథ. ఇక మెట్ల దగ్గరికి వద్దాం.

నేను పైకి అడుగు వెయ్యబోతుంటే వెనక నుంచి ఎవరో నా లంగా పట్టుకుని లాగారు. తిరిగి చూస్తే ఒక పిల్ల. పళ్ళకి తీగలు, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు, ఒకటి జారిపోయింది. వాచ్‌మన్ కళ్ళు కప్పి ఎలా దూరిందో దూరింది.

"ముఖచిత్రాలు చేసేది నువ్వేనా అక్కా?"

"ఎవరు చెప్పారు?"

"నీ వేళ్ళకి జిగురుంది. నా పేరు గ్రిసెల్. కింద అందరూ నన్నే పంపించారు. నిజం చెప్పు. ఉలీని తీసేస్తున్నారా?"

"లేదమ్మా. అది పొరపాటు. ఆ మూలన క్లిప్పు పడుతుందని నాకు తెలీదు."

గ్రిసెల్ నన్ను ఎగాదిగా చూసింది. మా అమ్మ కూడా నన్నెప్పుడూ అలా చూడలేదు.

"పత్రికలో పని చేస్తూ క్లిప్పు సంగతి తెలీదా? ఎవరికి చెబుతావక్కా? సరే, క్లిప్పు వదిలెయ్. మిగతా ముగ్గురూ మా వంక చూస్తున్నారు. ఉలీ ఎందుకు పక్కకి చూస్తున్నాడు?"

"ఫోటో తీసేటప్పుడు తోర్తా రొట్టెలు తెచ్చినవాడు తలుపు తీశాడు. ఆకలేసి అటు చూశాడు."

"మరి అదే ఫోటో ఎందుకు వేశావు?"

అందులో మిగతా ముగ్గురూ బాగా పడ్డారు, అంతే. ఆ మాట చెబితే ఈ పిల్ల నన్ను మెట్ల మీద నుంచి తోసేస్తుందనిపించింది. అది తన సంచీలోంచి నోటు పుస్తకం తీసింది. దానికి నా ముఖచిత్రమే అట్ట. పైన ప్లాస్టిక్ కాగితం మడిచి శుభ్రంగా అంటించింది. కానీ నేను చేసినట్టు లేదు. పత్రిక పేరు కత్తిరించి పారేసి, మిగతా ముగ్గురినీ వెనక్కి మడిచేసి, ఉలీ మొహం సరిగ్గా మధ్యలోకి వచ్చేలా జరిపింది.

"నువ్వు తప్పు పెట్టావు. నేను సరి చేశాను" అంది. "వచ్చే వారం నువ్వే సరిగ్గా పెట్టు. ఒట్టెయ్యి."

"చూస్తానమ్మా."

"చూస్తానంటే కుదరదని అర్థం. మా అమ్మ కూడా ఇలాగే అంటుంది." అప్పటిదాకా పెద్దమనిషిలా మాట్లాడిన పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా ఇంట్లో నా వంక సూటిగా చూసేది వాడొక్కడే అక్కా. గోడ మీద నుంచి."

నవ్వు రావాలి. రాలేదు. తల ఊపి, అది ఒట్టో కాదో నాకే తెలియకుండా పైకి పరుగెత్తాను.

ఒడీలా గారి గదిలో నేను ఊహించినవేవీ లేవు. అరుపులు లేవు, చించేసిన కాగితాలు లేవు. బల్ల మీద కాఫీ, అట్టపెట్టె నిండా తీపి బన్నులు. ఒడీలా గారు గుమ్మడి గింజలు వలుచుకు తింటున్నారు. ఆవిడకి ఎదురుగా తెల్ల బూట్లు వేసుకుని, గదంతా సెంటు వాసన నింపుతూ కూర్చున్నాయన దోన్ లిసాండ్రో. బ్రూహులా బృందాన్ని నడిపేది ఆయనే. ఆ నలుగురూ ఏం తినాలో, ఎప్పుడు నిద్రపోవాలో, ఎవరితో మాట్లాడకూడదో చెప్పేది ఆయనే.

"ఈ అమ్మాయేనా?" అన్నాడు లేచి నిలబడి.

"ఈ మహాతల్లే" అన్నారు ఒడీలా గారు.

అయిపోయింది అనుకున్నాను. దోన్ లిసాండ్రో నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బంగారు చెయ్యమ్మా నీది! కూర్చో, బన్ను తిను."

నేను కూర్చోలేదు. ఆయన పొగిడితే ఏదో కొంప మునుగుతోందని ఈ ఆఫీసులో గోడలకి కూడా తెలుసు.

"దోన్యా" అన్నాను, ఒడీలా గారి వైపు తిరిగి. ఆఫీసులో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. "నేను చెప్పాను కదా, ఆ క్లిప్పు సంగతి నాకు..."

"నీకు తెలీదని నాకు తెలుసు. నీకు తెలీనివి చాలా ఉన్నాయి." ఒడీలా గారు గింజ తొక్క ఊదారు. "కానీ పత్రిక బడ్డీల్లో ఒక్కటి మిగల్లేదు. క్లిప్పు తీసి కింద మొహం ఉందో లేదో చూడ్డానికే సగం మంది కొన్నారట. పదిహేనేళ్ళుగా అందరికీ అరిచి చెబుతున్నాను, కళ్ళు కనబడాలి, చేతికి ఉంగరం ఉండకూడదు, పక్కన ఆడపిల్ల నీడ కూడా పడకూడదు, ప్రశ్న వెయ్యాలి కానీ జవాబు చెప్పకూడదు అని. ఎవరూ వినరు. నువ్వేమో మొహమే కనబడకుండా చేసి అన్నిటికంటే పెద్ద ప్రశ్న వేశావు."

"వచ్చే వారం కూడా అదే వెయ్యాలి" అన్నాడు దోన్ లిసాండ్రో.

"అదే అంటే?"

"అదే మూల. అదే కుర్రాడు. ఈసారి ఇంకాస్త చిన్నగా. అంతకంటే ఏమీ వద్దు."

కాసేపు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చున్నాను.

"అంటే ఉలీని నిజంగానే తీసేస్తున్నారా?"

ఆయన నిట్టూర్చాడు. నిట్టూర్పు కూడా సెంటు వాసనే. "వాడి గొంతు పగిలిందమ్మా. పై స్వరం అందుకోబోతే కోడిపుంజు కూసినట్టుంది. ఆ వయసు మరి, ఏం చేస్తాం? రెనేని జరుపుతుంటే ఎవరూ గమనించలేదు, ఒక్కసారిగా తెలిసేసరికి ఈ పిల్లలు నా కారు టైర్లు కోసేశారు. నువ్వు తెలీకుండా మంచి మందు కనిపెట్టావు. కొంచెం కొంచెంగా పోస్తే ఏడుపంతా ముందే అయిపోతుంది. ఆఖరి రోజుకి కన్నీళ్ళు మిగలవు."

"ఉలీకి తెలుసా?"

"వాడికన్నీ తెలుసు" అన్నాడాయన, బన్ను మీది పంచదార వేలికి అద్దుకుని నాకుతూ. "వాడి సంగతి నాకొదిలెయ్."

ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. ఒడీలా గారి వంక చూశాను. ఆవిడ కిటికీలోంచి కిందికి చూస్తున్నారు. వీధిలో పిల్లలు పాట ఎత్తుకున్నారు. పాడినంతసేపూ ఒక పిల్ల ఏడుస్తూనే ఉంది.

"దోన్యా, వాడు పదిహేనేళ్ళ పిల్లాడు. వాడికి వీడ్కోలు మనం బడ్డీ తాడు మీద..."

"అమ్మాయ్." ఒడీలా గారి గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది. "నీకు ఈ కుర్చీ ఎవరిచ్చారు? జిగురు డబ్బా ఎలా మూత పెట్టాలో కూడా తెలీని రోజుల్లో నిన్ను తెచ్చుకున్నాను. సాయంత్రంలోగా నమూనా ప్రెస్సుకి చేరాలి. చేసి తీసుకురా, సంతకం పెడతాను. తర్వాత మేమిద్దరం భోజనానికి వెళతాం."

నా బల్ల కిటికీ పక్కన ఉంటుంది. అద్దం కింద దీపం వెలిగే బల్ల అది. దాని మీద స్లైడ్లు పరిచి భూతద్దంతో చూస్తాను. ఆ రోజు పరుస్తుంటేనే ఒక స్లైడు కింద పడింది, వంగి తీస్తుంటే తల బల్లకి కొట్టుకుంది. ఎవరూ లేకపోయినా "ఏమీ కాలేదు" అన్నాను.

చెప్పిన పని చేశాను. నలుగురి ఫోటో, ఉలీ పై మూలన, పోయినసారి కంటే చిన్నగా. పసుపు రంగులో పత్రిక పేరు. కింద గులాబీ రంగులో "తర్వాత ఎవరు?" అన్న ప్రశ్న. అది ఒడీలా గారి మాట. నమూనా మీద పల్చటి ట్రేసింగ్ కాగితం కప్పి, ఏ రంగు ఎక్కడ పడాలో దాని మీద రాసి తీసుకెళ్ళాను. ఆవిడ ఎర్ర పెన్సిలుతో ఆ కాగితం మీద అడ్డంగా 'వెళ్ళనీ' అని రాసి కింద గీత గీశారు. మా దగ్గర అదే సంతకం, అదే ముద్ర, అదే దేవుడి మాట. ప్రెస్సువాళ్ళు చూసేది ఆ ఎర్ర గీతనే. వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ భోజనానికి వెళ్ళారు. తెల్ల బూట్ల చప్పుడు మెట్ల మీద కిందిదాకా వినిపించింది.

నేను నమూనా తీసుకుని బయల్దేరాలి. బయల్దేరలేదు.

ఒక స్లైడుంది. ఉలీ ఒక్కడే. నవ్వడం లేదు. జుట్టు కూడా సరిగ్గా దువ్వలేదు. సూటిగా, ఎంత సూటిగా అంటే, భూతద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. ఏదో అడుగుతున్నాడు. నాకైతే అది "నన్ను పంపించెయ్యకండి" అన్నట్టే వినబడింది. కింద ఆ పిల్లలు ఇంకా పాడుతున్నారు. గ్రిసెల్ గోడ మీద నుంచి సూటిగా చూసేవాడు. తనని తాడు మీద ఆరేసి, క్లిప్పు పెట్టి, మెల్లగా మరిపిస్తున్నారని వాడికి ఎవరైనా చెప్పారా? వాడికన్నీ తెలుసట! పంచదార నాక్కుంటూ చెప్పే మాటేనా అది?

నాకు కోపం వస్తే చేతులు తొందరపడతాయి, తల తర్వాత వస్తుంది. ఇంకో నమూనా చేశాను. అదే పసుపు పేరు, అదే గులాబీ అక్షరాలు, అవే కొలతలు. మధ్యలో ఉలీ ఒక్కడే, ఛాతీ దాకా, పేజీ అంతా. పై మూలన ఉత్త ఆకాశం. క్లిప్పు ఎంత కావాలంటే అంత పడనీ. "తర్వాత ఎవరు?" తీసేసి ఒక్క మాట పెట్టాను: "ఇక్కడే ఉన్నాను!" చూస్తే నాకే గుండె ఝల్లుమంది. ఇంత మంచి ముఖచిత్రం నేను ముందెన్నడూ చెయ్యలేదు. ఏ పిల్ల బడ్డీ ముందు ఆగినా, అవతలి పేవ్‌మెంట్ మీద నుంచి చూసినా, వాడు దాన్నే చూస్తాడు. నోటు పుస్తకానికి మడిచినా మొహం మధ్యలోనే ఉంటుంది. గోడకి గుచ్చినా పిన్ను ముక్కు మీద పడదు.

తర్వాత ఎర్ర పెన్సిలు రాత ఉన్న ట్రేసింగ్ కాగితాన్ని మొదటి నమూనా మీద నుంచి ఊడదీసి రెండో దాని మీద అంటించాను. రంగుల గుర్తులు సరిగ్గా సరిపోయాయి. మొదటి దాన్ని బల్ల కింద చెత్తబుట్ట వెనక దూర్చాను. ఇది దొంగతనం కంటే ఎక్కువో తక్కువో ఆలోచించే తీరిక లేదు.

ప్రెస్సుకి నేనే వెళ్ళాను. పెసేరో బస్సెక్కితే రద్దీలో ఒళ్ళో నమూనా నలిగిపోతుందని నడుచుకుంటూ వెళ్ళాను. దారిలో ప్రతి బడ్డీ దగ్గరా ఆగి, తాళ్ళ మీది క్లిప్పుల వంక చూసి, ఎవరైనా నన్ను గమనిస్తున్నారేమో అని వెనక్కి చూశాను. ప్రెస్సు మేస్త్రీ ట్రేసింగ్ కాగితం ఎత్తి ఫోటో చూశాడు.

"ఒక్కడేనా? గుంపు ఫోటో వస్తుందని ఫోన్లో అన్నారు దోన్యా."

"మార్చారు."

ఎర్ర గీత చూశాడు. తల ఊపాడు. "మంచి మొహం. మా చిన్నది చచ్చిపోతుంది దీన్ని చూస్తే" అని లోపలికి తీసుకెళ్ళాడు. "ఫిల్ము ఇప్పుడే తీస్తాం. ప్లేట్లు కాగానే మెషినెక్కిస్తాం. దోన్యా స్వయంగా చెబితే తప్ప ఇక ఆగదు."

తిరిగి వచ్చేసరికి వీధి ఖాళీ అయిపోయింది. పిల్లలు ఇళ్ళకి పోయారు, కాలిబాట మీద చాక్లెట్ కాగితాలు మిగిలాయి. ఆఫీసులో కూడా ఎవరూ లేరు. అలసట, భయం, లోపల ఒక మూల మాత్రం పండగ. మంగళవారం గ్రిసెల్ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ తలుపు తీశాను.

నా కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. టోపీ కళ్ళ దాకా లాక్కుని, రెండు బుగ్గలూ నింపుకుని బన్ను తింటున్నారు. ఒడీలా గారి బల్ల మీది పెట్టె ఒళ్ళో ఉంది, అడుగున రెండే మిగిలాయి.

"సారీ అక్కా" అన్నాడు, టోపీ తీస్తూ. "మాకు రొట్టె పెట్టరు. ఫోటోలో బుగ్గలొస్తాయని."

ఉలీసెస్. దగ్గర నుంచి చూస్తే ఇంకా చిన్నవాడు. పై పెదవి మీద నూగు. మాటలు మాత్రం రెండు గొంతుల్లోంచి వస్తున్నాయి. ఒక పదం మగాడిది, ఇంకో పదం పిల్లాడిది.

"ఎలా వచ్చావు నువ్వు?"

"వెనక మేడ మీద నుంచి. బట్టలారేసుకునే ఆవిడ దారి చూపించింది. ముందు వైపు అమ్మాయిలున్నారు కదా." చేతులకున్న పంచదార ప్యాంటుకి తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "మీకు థాంక్స్ చెబుదామని వచ్చాను."

నా ఛాతీ పొంగింది. ఎలా తెలిసింది? ప్రెస్సు నుంచి ఎవరైనా ఫోన్ చేశారా?

"దేనికి?" అన్నాను, తెలీనట్టు.

"క్లిప్పుకి."

"ఏ క్లిప్పుకి?"

"పోయిన వారం మీరు పెట్టారే, దానికి. కావాలని పెట్టలేదని దోన్ లిసాండ్రో అంటాడు. అయినా ఫర్లేదు. దాన్ని చూడగానే నేనే వెళ్ళి ఆయన్ని అడిగాను, ఇంకొక్కసారి అలాగే వేయించమని. కాళ్ళు పట్టుకున్నంత పని చేశానక్కా."

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"నువ్వే అడిగావా?"

"నాకిక పాట రాదక్కా. వింటున్నారుగా నా గొంతు." నవ్వబోతే గొంతు చీలింది. "స్టేజీ మీద టేపు పాడుతుంది. నేను నోరు తెరిచి మూస్తాను. ముందు వరసలో అమ్మాయిలు ఏడుస్తుంటారు. నేను వాళ్ళ కళ్ళల్లోకి చూస్తూ అబద్ధం పాడుతుంటాను. ప్రతిసారీ వాంతొచ్చినట్టుంటుంది. వెళ్ళిపోతానని ముందే అడిగితే దోన్ లిసాండ్రో సరేనన్నాడు గానీ రికార్డు కంపెనీవాళ్ళు ఒప్పుకోలేదు. గొంతు లేకపోతే ఏం, మొహం ఉంది చాలన్నారు. పిల్లలు ఇంకా నిన్నే కోరుకుంటున్నారు కదా, ఎలా వదులుతాం అన్నారు."

"తర్వాత?"

"తర్వాత మీ ముఖచిత్రం వచ్చింది. పిల్లలే నా పని అయిపోయిందని అనుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు కంపెనీవాళ్ళ మాట ఇది: మంగళవారం కూడా నా మీద క్లిప్పు పడి ఉంటే, సరే, పిల్లలు మరిచిపోతారు, ఇంటికి పొమ్మంటారు. లేదూ, మళ్ళీ మధ్యలో కనిపించి పత్రిక అమ్ముడుపోయిందో, ఇంకో మూడేళ్ళకి సంతకం. మా నాన్న అప్పుడే పెన్ను కొనుక్కున్నాడు." ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేసి, ఊపిరి తీసుకుని, మొదటిసారి తేలిగ్గా నవ్వాడు. "మా ఊళ్ళో కొత్తగా స్కూలు పెట్టారు. సెలవుల తర్వాత చేర్చుకుంటానని హెడ్‌మాస్టరమ్మ చెప్పింది. అక్కడ ఎవరికీ టేపు అక్కర్లేదు. ఏదీ, చూపించక్కా. ఈసారి ఎంత చిన్నగా పెట్టారు నన్ను?"

నా చెవుల్లో ప్రెస్సు మేస్త్రీ మాటే మోగుతోంది. ఈపాటికి ఫిల్ము అయిపోయి ఉంటుంది. ప్లేట్లు కూడా.

"ఉలీ."

"ఆఁ?"

"నిన్ను పెద్దగా పెట్టాను. మధ్యలో. ఒక్కడినే."

వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఇది హాస్యమనుకున్నాడు. నేను నవ్వకపోయేసరికి వాడి మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. చేతిలో మిగిలిన బన్ను ముక్క బల్ల మీద పెట్టాడు, జాగ్రత్తగా, అది తనది కానట్టు.

"ఎందుకక్కా?" అన్నాడు. ఈసారి పిల్లాడి గొంతే వచ్చింది. "నేను మీకేం చేశాను?"

"కాపాడదామనుకున్నాను రా. నీకు ఇష్టం లేకుండా తీసేస్తున్నారనుకున్నాను."

"నన్ను అడగొచ్చు కదా."

అదే. అంతే. అడగొచ్చు. వాడి గురించి ఊరంతా మాట్లాడాం. వాడి ఫోటోని ఏ మూలన పెట్టాలో పిల్లలు చెప్పారు, పెద్దలు చెప్పారు, నేను చెప్పాను. వాణ్ణి ఎవరం అడగలేదు. సిగ్గుతో నా మొహం కాలిపోయింది.

"ఆపించండి" అన్నాడు వాడు. "ఫోన్ చెయ్యండి, ప్లీజ్."

"నా మాట వినరు. ఒడీలా గారు చెబితేనే ఆగుతుంది."

"అయితే ఆవిడకి చెప్పండి."

ఆవిడకి చెప్పడమంటే ఎర్ర పెన్సిలు కాగితం సంగతి చెప్పడం. అది చెప్పిన తర్వాత ఈ ఆఫీసులోనే కాదు, ఈ ఊళ్ళో ఏ పత్రికా నన్ను గుమ్మం తొక్కనివ్వదు. తిరిగి ఏటి ఒడ్డుకి, మందుల షాపు బల్ల దగ్గరికి. ఉలీ నా వంక చూస్తున్నాడు.

కింద వీధి తలుపు తెరుచుకుంది. మెట్ల మీద తెల్ల బూట్ల చప్పుడు, దాని వెనక ఒడీలా గారి నవ్వు. భోజనం బాగా కుదిరినట్టుంది. ఉలీ వెనక గుమ్మం వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. పారిపోతే నేనేం చెబుతానో వాడికి తెలీదు. నాకూ తెలీదు.

నవ్వు రెండో అంతస్తు దాటింది.

చెత్తబుట్ట వెనక నుంచి మొదటి నమూనా లాగి చేత్తో పట్టుకుని, ఎదురెళ్ళి తలుపు నేనే తీశాను.

"దోన్యా" అన్నాను. "ప్రెస్సుకి ఫోన్ చెయ్యండి. ముందు ఫోన్ చెయ్యండి, ఎందుకో తర్వాత చెబుతాను."

ఒడీలా గారు నా మొహం చూశారు, చేతిలో సంతకం లేని నమూనా చూశారు, నా భుజం మీదుగా నా వెనక నిలబడ్డవాణ్ణి చూశారు. నవ్వు ఆగింది.

"ఫోన్ చెయ్యను" అన్నారు నెమ్మదిగా. "ఇప్పుడే ప్రెస్సు నుంచే వస్తున్నాం. చూశాను. నువ్వు పెట్టిందే ఎక్కువ అమ్ముడుపోతుందని నేనే మెషినెక్కించమన్నాను."